స్టాక్ కారులో ఏ ఇంజిన్ ఉండాలి? డ్రాగ్ పందెం మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పావు మైలు, అంటే 402 మీటర్ల తిన్నని దారి మీద ఇద్దరిద్దరుగా నిలబడి పరుగు తీసే డ్రాగ్ పందెం గురించి కిందటి సంచికలో రాసిన తరువాత, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. మార్పులు చేయని కార్ల విభాగంలో, దాన్నే స్టాక్ క్లాస్ అంటారు, ఏ ఇంజిన్‌ను ఒప్పుకుంటారు, ఏది ఒప్పుకోరు అన్నదే ఆ సందేహం. అందుకని ఈ నెల శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మా నాన్నగారి పాత మారుతి జెన్ బాడీ బాగుంది గాని ఇంజిన్ పోయింది. ఎస్టీమ్ ఇంజిన్ ఒకటి దొరికితే మా ఊరి మేస్త్రి చక్కగా కూర్చాడు. రెండూ మారుతివే. ఇంజిన్ లోపల ఒక్క బోల్టు కూడా మార్చలేదు. అయినా స్టాక్ క్లాసులో ఎంట్రీ ఇవ్వరని పోటీలు చూసొచ్చిన స్నేహితుడు అంటున్నాడు. ఇది న్యాయమేనా?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మీ స్నేహితుడు చెప్పినది నిజం. అది న్యాయం కూడా అని నా అభిప్రాయం. స్టాక్ అనే మాటకు మనం షెడ్డులో చెప్పుకునే అర్థం ‘కంపెనీ సామాను’ అని. పందెం నియమావళిలో దాని అర్థం అంతకన్నా చాలా ఇరుకైనది. ఈ బాడీలో, ఈ మోడల్‌లో, ఈ సంవత్సరంలో తయారీదారే అమర్చి, మామూలు కొనుగోలుదారులకు అమ్మిన ఇంజిన్ మాత్రమే స్టాక్ ఇంజిన్. ఆ షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా, ఇంజిన్ ఎంత అసలైనదైనా, కారు మాత్రం మార్పులు చేసిన కార్ల విభాగానికి వెళ్ళవలసిందే.

మీ బండినే తీసుకుందాం. పెట్రోల్ జెన్ 993 సి.సి. ఇంజిన్‌తో వచ్చింది, ఎస్టీమ్‌లోది 1298 సి.సి. రెండూ సుజుకి వారి ఒకే కుటుంబానికి చెందిన ఇంజిన్లు కాబట్టే మీ మేస్త్రికి పని సులువైంది. అయితే తేలికైన చిన్న కారులో కంపెనీ ఎన్నడూ పెట్టని, ముప్పై శాతం పైచిలుకు పెద్దదైన ఇంజిన్ ఇప్పుడు కూర్చుంది. పక్క లేన్‌లో కంపెనీ ఇచ్చిన 993 సి.సి. ఇంజిన్‌తోనే, పైసా పైసా కూడబెట్టి ఆయిలూ ప్లగ్గులూ మార్చుకుని వచ్చిన కుర్రవాడు నిలబడితే, ఆ పోటీకి అర్థం ఉండదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది, దాన్ని గమనిస్తే నియమం మరింత స్పష్టమవుతుంది. 1990ల చివరలో మారుతి డీజిల్ జెన్‌ను కూడా అమ్మింది. దానిలోని 1527 సి.సి. ఇంజిన్ సుజుకిది కాదు, ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో వారిది. డీజిల్ జెన్‌లో పరాయి కంపెనీ ఇంజిన్ స్టాక్ అవుతుంది, పెట్రోల్ జెన్‌లో సొంత కంపెనీవారి ఎస్టీమ్ ఇంజిన్ స్టాక్ కాదు. ఇంజిన్ మీద ఎవరి ముద్ర ఉన్నదని నియమం అడగదు, ఆ కారుతో పాటు షోరూము గడప దాటి వచ్చిందా లేదా అని అడుగుతుంది.

పందెం మాట అలా ఉంచి, ఇంకొక సంగతి కూడా చెప్పడం నా బాధ్యత. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన మూల వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. మీ ఆర్‌సీ పుస్తకంలో ఉన్న ఇంజిన్ నంబరు, బండిలో ఉన్న నంబరు వేరైతే రేపు బీమా దగ్గరా, అమ్మకం దగ్గరా చిక్కు తప్పదు. ముందు విజయనగరంలో రవాణా శాఖ కార్యాలయానికి వెళ్ళి, మీ బండి విషయంలో ఏది సాధ్యమో రాతపూర్వకంగా తెలుసుకోండి. పందెం సంగతి ఆ తరువాత చూడవచ్చు.

ప్రశ్న: అమెరికాలో స్టాక్ విభాగంలో 1960ల నాటి కార్లూ నేటి కార్లూ కలిసి పోటీపడతాయని చదివాను. అన్ని రకాల ఇంజిన్లను ఒక తక్కెడలో ఎలా తూచగలుగుతున్నారు? కంపెనీయే తన ఇంజిన్ శక్తిని తక్కువ చేసి చెబితే ఏం చేస్తారు?
— ఇంజినీరింగ్ విద్యార్థిని, విజయనగరం

జవాబు: అమ్మా, ఈ విషయంలోని అసలు ముడి మీ రెండో ప్రశ్నలోనే ఉంది. కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను.

అమెరికాలో ఈ పందాలను నడిపే ప్రధాన సంస్థ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్, దాన్ని వాలీ పార్క్స్ 1951లో స్థాపించారు. ఆ సంస్థ స్టాక్ కార్లను ఇంజిన్ పరిమాణంతో విభజించదు. కారు బరువును, ఇంజిన్‌కు లెక్కగట్టిన అశ్వశక్తితో భాగిస్తుంది. ఒక్కొక్క అశ్వశక్తి ఎన్ని పౌండ్ల బరువును మోయవలసి వస్తున్నదో ఆ అంకెను బట్టి కారు క్లాసు తేలుతుంది. గేర్లు చేత్తో మార్చే కార్లకు, ఆటోమేటిక్ కార్లకు మళ్ళీ వేరువేరు క్లాసులు. మన ఆమదాలవలస ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచినప్పుడు ఆమె పోటీపడినది 69 కిలోల విభాగంలో. మనిషి బరువు తెలియనిదే ఆమె ఎత్తిన బరువుకు విలువ కట్టలేం. కారు విషయంలోనూ అంతే. పెద్ద ఇంజిన్ ఉన్న బరువైన కారు, చిన్న ఇంజిన్ ఉన్న తేలిక కారు ఒకే క్లాసులోకి వచ్చే వీలు అలా కలుగుతుంది.

అయితే మనిషి బరువును కాటా చెబుతుంది. ఇంజిన్ శక్తిని మొదట చెప్పేది దాన్ని అమ్మే కంపెనీ. 1968లో ఫోర్డ్ తన 428 ఘనపుటంగుళాల కోబ్రా జెట్ ఇంజిన్‌కు 335 అశ్వశక్తి అని ప్రకటించింది. ఆ ఇంజిన్ నిజంగా 400 దాటి ఇస్తుందని ఆ రోజుల నుంచీ తెలిసినవారి అంచనా. లెక్క కోసం కారు బరువు 3300 పౌండ్లు అనుకుంటే, 335తో భాగిస్తే అశ్వశక్తికి 9.85 పౌండ్లు వస్తుంది, 400తో భాగిస్తే 8.25 వస్తుంది. కాగితం మీద అశ్వశక్తి అంకె తగ్గేసరికి అదే కారు తనకన్నా బలహీనమైన కార్ల మధ్యకు వెళ్ళి నిలబడింది. ఆ ఏడాది కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్‌లో ఆల్ జోనియెక్ కోబ్రా జెట్ ముస్టాంగ్‌తో, స్టాక్ కన్నా కాస్త ఎక్కువ మార్పులను ఒప్పుకునే సూపర్ స్టాక్ విభాగాన్ని గెలిచాడు. అతని నైపుణ్యాన్ని నేను తక్కువ చేయను గాని, ఆ గెలుపులో కంపెనీ లెక్కల గుమాస్తాకు కూడా కొంత వాటా ఉంది.

అంకెలు తారుమారు కావడానికి మోసమే ఉండనక్కరలేదు. 1972లో అమెరికా కంపెనీలు శక్తిని కొలిచే పద్ధతినే మార్చాయి. అంతకుముందు ఫ్యాను, ఆల్టర్నేటర్, సైలెన్సర్ వంటివి లేకుండా ఉత్త ఇంజిన్‌ను బల్ల మీద పెట్టి కొలిచేవారు. తరువాత అవన్నీ తగిలించి, కారులో ఉన్నట్టుగానే కొలవడం మొదలుపెట్టారు. షెవర్లే కార్వెట్‌లోని ఎల్‌ఎస్5 అనే 454 ఘనపుటంగుళాల ఇంజిన్‌కు 1971లో 365 అశ్వశక్తి అని ప్రకటించిన కంపెనీయే, 1972లో 270 అని రాసింది. ఇనుము మారలేదు, కొలత మారింది.

ఈ కారణాల వల్లే సంస్థ కంపెనీ అంకెను మొదటి మాటగా తీసుకుంటుంది గాని తుదిమాటగా తీసుకోదు. ప్రతి ఇంజిన్‌కూ తానే ఒక సవరించిన అశ్వశక్తిని నిర్ణయించి వర్గీకరణ పుస్తకంలో ప్రచురిస్తుంది. ప్రతి క్లాసుకూ ఒక ప్రామాణిక సమయం ఉంటుంది, దాన్ని ఇండెక్స్ అంటారు. ఏదైనా ఇంజిన్ ఉన్న కార్లు ఇండెక్స్ కన్నా మరీ తక్కువ సమయంలో పరుగు పూర్తిచేస్తూ ఉంటే, ఆ ఇంజిన్ అశ్వశక్తిని పుస్తకంలో పెంచుతారు. దానితో ఆ కారు బరువైనా పెంచుకోవాలి, పై క్లాసుకైనా వెళ్ళాలి. కంపెనీ చెప్పిన అబద్ధాన్ని గడియారం పట్టిస్తుంది. ఇంత నిజాయతీ గల దిద్దుబాటు పద్ధతి మోటారు క్రీడల్లో మరొకటి నాకు కనిపించలేదు.

ఆ వర్గీకరణ పుస్తకమే ఇంజిన్ అర్హతకు ప్రమాణం. ఏ సంవత్సరం ఏ మోడల్‌లో ఏ ఇంజిన్ ఇచ్చారు, కార్బ్యురేటర్ ఏది, క్యామ్‌షాఫ్ట్ వాల్వును ఎంత ఎత్తు లేపుతుంది, సిలిండర్ల మీది మూత అయిన హెడ్‌లో మండే గది ఎన్ని సి.సి.లు ఉండాలి అన్నవి అందులో ఉంటాయి. గెలిచిన కారు ఇంజిన్‌ను విప్పించి, బ్లాకు మీదా హెడ్డు మీదా పోతలో వచ్చిన నంబర్లు చూసి, బ్యూరెట్‌తో ద్రవం పోసి మండే గదిని కొలుస్తారు. మన వైపు బండలాగుడు పోటీల్లో ఎద్దు నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టి, రెండు పళ్ళ విభాగమా నాలుగు పళ్ళ విభాగమా అని తేల్చడం వంటిదే ఇది. యజమాని మాటతో పని లేదు.

అలాగని అన్నీ నిషేధం అనుకోవద్దు. వాల్వు లేచే ఎత్తు కంపెనీ ఇచ్చినంతే ఉండాలి గాని, అది ఎంతసేపు తెరుచుకుని ఉండాలన్నది పోటీదారు ఇష్టం. వాల్వు స్ప్రింగులు మార్చుకోవచ్చు, పొగగొట్టానికి హెడర్లు అనే ప్రత్యేక గొట్టాలు పెట్టుకోవచ్చు. హెడ్‌లోని గాలి దారులను మాత్రం అరగదీసి వెడల్పు చేయకూడదు. వెనుక చక్రాలకు పందెపు టైర్లు కూడా అనుమతిస్తారు. అందుచేత అమెరికా స్టాక్ కారు మన షోరూము కారు వంటిదని పొరబడకూడదు. అక్కడ స్టాక్ అంటే శ్వాస తీసుకునే దారి కంపెనీదే, మిగతాది పోటీదారు పనితనం.

ఇంకొక తగాదా తయారైన కార్ల సంఖ్య గురించి. పందెం కోసమే నాలుగు కార్లు చేసి ‘ఇది మా ఉత్పత్తి’ అంటే ఒప్పుకోవాలా? ఫోర్డ్ 1964లో థండర్‌బోల్ట్ అనే పందెపు కార్లను నూరు తయారుచేసింది. షెవర్లే 1969లో అల్యూమినియం జెడ్‌ఎల్1 ఇంజిన్ గల కమారోలను 69 చేసింది. ప్రపంచ మోటారు క్రీడల సమాఖ్య తన గ్రూప్ ఏ అనే విభాగం కార్లకు పన్నెండు నెలల్లో 5000 తయారై ఉండాలని, తరువాత 2500 చాలునని నియమం పెట్టుకుంది. డ్రాగ్ పందెం వారి గీత దీనికన్నా ఎంతో దిగువన ఉంది. షెవర్లే పందెం కోసమే చేసిన 2012 నాటి కోపో కమారో మళ్ళీ 69 మాత్రమే, పైగా వాటిని రోడ్డు మీద నడపడానికి వీలు లేదు. రోడ్డెక్కలేని కారును స్టాక్ అనడం నా మనసుకు ఎక్కదు. కంపెనీల డబ్బు లేనిదే పోటీలు నడవవన్న వాదన నాకు తెలుసు, అయినా నా అభిప్రాయం ఇదే.

ప్రశ్న: ఇంజిన్ ముట్టుకోకుండా ఈసీయూ రీమ్యాప్ మాత్రమే చేయిస్తే కారు స్టాక్ కిందికే వస్తుందా?
— ఆమదాలవలస నుంచి ఒక పాఠకుడు

జవాబు: రాదు. ఈసీయూ అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె, రీమ్యాప్ అంటే అందులోని అంకెలు మార్చడం. పాత కారులో కార్బ్యురేటర్ జెట్, డిస్ట్రిబ్యూటర్ చేసిన పనినే ఇప్పుడు ఆ పెట్టెలోని అంకెలు చేస్తున్నాయి. కంటికి కనబడదు కాబట్టి మార్పు కాదనే వాదన నిలవదు. టర్బో డీజిల్‌లో రీమ్యాప్ ఒక్కటే కారును మరో క్లాసు బలానికి చేర్చగలదు. చేయించి ఉంటే ఎంట్రీ ఫారంలోనే ఆ మాట రాసి, మార్పుల విభాగంలో నమోదు కండి.

ప్రశ్న: నా కారు 998 సి.సి. టర్బో పెట్రోల్. 1200 సి.సి. స్విఫ్ట్‌లు ఉన్న క్లాసులో నన్ను ఎందుకు నిలబెట్టరు? నా ఇంజిన్ వాళ్ళ దానికన్నా చిన్నది కదా!
— ఒక యువకుడు, శ్రీకాకుళం

జవాబు: సి.సి. అనేది సిలిండర్ ఒక్క దఫాలో మింగగల చోటు లెక్క. టర్బో ఆ చోటులోకే గాలిని కూరి పంపుతుంది. మామూలు 998 సి.సి. ఇంజిన్ పీల్చలేని గాలిని మీ ఇంజిన్ పీలుస్తోంది, అందుకు తగిన పెట్రోలును కాలుస్తోంది. అందువల్ల అంతర్జాతీయ నియమాల్లో టర్బో ఇంజిన్ పరిమాణాన్ని ఒక గుణకంతో హెచ్చవేస్తారు. పెట్రోలుకు 1.7, డీజిల్‌కు 1.5 అన్నవి బాగా వాడుకలో ఉన్న గుణకాలు. మీ 998ని 1.7తో హెచ్చవేస్తే 1696 దాటుతుంది. అంటే నియమం దృష్టిలో మీరు 1700 సి.సి. మనిషి. పాత స్విఫ్ట్ డీజిల్‌లోని 1248 సి.సి. ఇంజిన్‌ను 1.5తో హెచ్చవేస్తే 1872 వస్తుంది.

మనకు ఒలింపిక్స్ సంఘం ఎలాగో, మోటారు క్రీడలకు ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా అలాగ. ఆ సమాఖ్య అనుమతితో జరిగే ప్రతి పోటీకీ ఒక ప్రత్యేక నియమావళి అచ్చవుతుంది. క్లాసుల హద్దులు, టర్బో గుణకం, పెట్రోలు డీజిల్ వేరుచేసే పద్ధతి అందులో ఏవి ఉంటే అవే చెల్లుతాయి. పోయినసారి పోటీలో ఇలా ఉంది అని వాదించి లాభం లేదు, ఎంట్రీ డబ్బు కట్టకముందే ఆ కాగితం చదవండి.

ప్రశ్న: మా కుర్రాళ్ళు టెక్కలి వైపు హైవే మీద అర్ధరాత్రి పందేలు వేస్తున్నారు. అందరివీ స్టాక్ కార్లే, ప్రమాదం లేదంటున్నారు. మీరు ఒక మాట చెప్పండి.
— ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద వేగపు పందెం వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం, జరిమానాకూ జైలుకూ అవకాశం ఉంది. స్టాక్ కారు అయినంత మాత్రాన ఆ నేరం తగ్గదు. పందెపు దారిలో ఎదురు బండి రాదు, పరుగు ముగిశాక ఆగడానికి కావలసినంత దారి వదిలి ఉంటారు, అంబులెన్సు నిలబడి ఉంటుంది. పదహారో నంబరు జాతీయ రహదారి మీద లైటు లేని ట్రాక్టరు ట్రాలీ ఉంటుంది, రోడ్డు దాటే పశువు ఉంటుంది, వేకువన కూరగాయల గంపతో నడిచే మనిషి ఉంటుంది. మన రెండు జిల్లాల్లో ఇందుకంటూ కట్టిన దారి లేదన్న బాధ నాకూ ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ట్రాక్ వంటి చోట్లకు లైసెన్సు తీసుకుని వెళ్ళమనండి. మీ అబ్బాయికి ఈ ఉత్తరం చూపించండి, నాకు స్వయంగా రాయమనండి. ఏ క్లాసుకు తన కారు సరిపోతుందో నేను చెబుతాను.

ప్రశ్న: నేను ఇంజిన్ మేస్త్రిని. బోరింగ్ చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేసిన ఇంజిన్‌ను స్టాక్ అంటారా? హెడ్ ఫేసింగ్ చేయిస్తే?
— చీపురుపల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: నాకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇది, ఎందుకంటే తప్పు చేసే ఉద్దేశం లేని మనిషి కూడా ఇక్కడే దొరికిపోతాడు. అరిగిన సిలిండర్‌ను బోరింగ్ చేసి, అంటే లోపల కాస్త వెడల్పుగా చెక్కి, ఓవర్‌సైజు పిస్టన్ వేయడం మరమ్మతు, కంపెనీ సర్వీసు పుస్తకమే దాన్ని ఒప్పుకుంటుంది. కానీ సిలిండర్ పెరిగితే సి.సి. పెరుగుతుంది. ఎస్టీమ్ ఇంజిన్ బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 74 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 75.5. నాలుగు సిలిండర్లకు లెక్క కడితే 1298 సి.సి.ని కొద్దిగా దాటుతుంది. అర మిల్లీమీటరు ఓవర్‌సైజు వేసి బోరు 74.5 చేయండి, లెక్క 1316కు చేరుతుంది. పోటీ వారి గీత 1400 దగ్గర ఉంటే మీకు చీకూ చింతా లేదు. 1300 దగ్గర ఉంటే మీ మరమ్మతు మిమ్మల్ని పై క్లాసులో పడేస్తుంది. పావు మిల్లీమీటరు వేసినా 1307 అవుతుంది. కాబట్టి నియమావళిలో ఓవర్‌సైజుకు సడలింపు ఇచ్చారా అన్నది ముందు వెతకండి. ఇవ్వకపోతే, వీలైతే కొత్త స్లీవు వేసి మళ్ళీ ప్రామాణిక బోరుకు తీసుకురండి.

హెడ్ ఫేసింగ్ ఇంకా సున్నితం. ఇంజిన్ వేడెక్కి హెడ్ వంగినప్పుడు లేత్ షాపులో చదును చేయిస్తాం. ఎంత లోహం తీస్తే మండే గది అంత కుదించుకుపోతుంది, కంప్రెషన్ అంత పెరుగుతుంది. బండికి అది మంచిదే అనిపించినా, కొలతలో అది మార్పు. కొన్నేళ్ళ కిందట ఒక స్నేహితుడి కారుకు తోడుగా నేను పోటీకి వెళ్ళాను. ఇంజిన్ రీకండిషన్ చేసిన షాపు వారు హెడ్‌ను రెండుసార్లు ఫేసింగ్ చేశామన్న సంగతి మాకు చెప్పలేదు, బిల్లులో రాయనూ లేదు. అతను తన క్లాసులో ముందుగా వచ్చాడు. విప్పి కొలిచినప్పుడు హెడ్ మందం కంపెనీ హద్దు కన్నా తక్కువ తేలి, ఫలితం కొట్టేశారు. అధికారుల తప్పు లేదు. నా స్నేహితుడి తప్పూ లేదు. కాని ఇంటికి తిరిగి వచ్చే దారంతా అతను ఒక్క మాట మాట్లాడలేదు, ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకని మేస్త్రిగా మీరు చేయగలిగిన మేలు ఒకటుంది. మీ షెడ్డులో విప్పిన ప్రతి ఇంజిన్‌కూ బోరు కొలత, పిస్టన్ సైజు, హెడ్ మందం, గాస్కెట్ మందం ఒక చీటీ మీద రాసి సంతకం చేసి యజమానికి ఇవ్వండి. కొలత వెర్నియర్‌తో కాక మైక్రోమీటరుతో తీయండి, తేదీ వేయండి. అధికారులు కారును తనిఖీ చేసే స్క్రూటినీ బల్ల దగ్గర నిలబడిన కుర్రవాడికి తన ఇంజిన్ ఏ క్లాసుదో ముందే తెలిసి ఉంటుంది.